చలికాలం రాత్రి వంట: పనికి పోయి వచ్చిన మా అమ్మ ఏం వండేదంటే

మీరు అడిగింది చదివాను. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, హైదరాబాద్‌లో ఇంటికి చేరేసరికి రాత్రి 8 దాటుతోంది, ఈ చలికి వంటింట్లోకి వెళ్లబుద్ధి కావడం లేదు, పొద్దున్నే వండిన అన్నం కూర వేడి చేసుకుని తింటున్నారు, తిన్నా తిన్నట్టు ఉండటం లేదు. చలికాలం రాత్రిళ్లు మిగతావాళ్లు ఇళ్లలో ఏం వండుకుంటారో చెప్పమన్నారు.

మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. చలి అంటే ఏంటో మాకు బాగా తెలుసు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట 10 డిగ్రీల కిందికి దిగడం మామూలు, కొన్ని రోజులు 5, 6 డిగ్రీలకి కూడా పడుతుంది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ చలి అని వార్తల్లో తరచూ వినపడే సిర్పూర్ (యు) మా పాత జిల్లాలోదే. 2016లో జిల్లాలు విడదీశాక కుమురం భీం ఆసిఫాబాద్‌లోకి పోయింది.

ఆ నెలల్లోనే పత్తి ఏరే పని ఉంటుంది. అమ్మ పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేది. ఎండిన పత్తికాయ అంచులు గుచ్చుకుని వేళ్ల చివర్లు గీరుకుపోయి ఉండేవి. ఇప్పుడు మీరు ఎంత అలసిపోయి వస్తున్నారో అమ్మ అంతకంటే ఎక్కువే అలసిపోయి వచ్చేది. అయినా చలికాలం రాత్రిళ్లు మేం చల్లారిన అన్నం తిన్న గుర్తు లేదు. ఎందుకంటే అమ్మ రాత్రికి ఎక్కువ రకాలు వండేది కాదు. ఒక్కటే వండేది, అది పొయ్యి దగ్గరే తినేవాళ్లం. నేను మీకు చెప్పాలనుకున్నది కూడా ఇదే. చలికాలం రాత్రి భోజనంలో కూరలు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు. పొయ్యి మీది నుంచి తలె (కంచం)లోకి, తలెలోంచి నోట్లోకి ఎంత తొందరగా వచ్చిందన్నదే ముఖ్యం.

అమ్మ చేసేది జొన్న రొట్టె. బాపు, నేను, తమ్ముడు పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్లం. పెంక మీద ఒక రొట్టె అయితే సగం నాకు, సగం తమ్ముడికి. తర్వాతది బాపుకి. అది తినేలోపు ఇంకొకటి కాలేది. అందరికీ ఒకేసారి వడ్డించడం అనేదే లేదు. ఆ రొట్టెలోకి ఎల్లిపాయ కారం, లేదంటే పుంటికూర (గోంగూర) పప్పు, అదీ లేకపోతే శెనగపిండితో చేసే పిట్ల. ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆఖరి రొట్టె అమ్మది, అప్పటికి పొయ్యిలో నిప్పు తగ్గిపోయేది. అందుకే మా ఇంట్లో మధ్యలో చేతులు మారతాం. సగం రొట్టెలు నేను కాలుస్తాను, సగం మా ఆయన కాలుస్తారు. కాల్చేవాళ్లు కూడా వేడిగా తినాలి. మీరిద్దరూ ఇది మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

రొట్టె రాదని చాలామంది భయపడతారు. నాకూ పెళ్లయిన కొత్తలో వచ్చేది కాదు. తట్టేటప్పుడే అంచులు పగిలిపోయేవి, పెంక మీదికి తీసేసరికి రెండు ముక్కలయ్యేది. అమ్మకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగింది: "నీళ్లు మసిలినయా బిడ్డా?" నేను గోరువెచ్చని నీళ్లతో కలుపుతున్నాను. తప్పు అక్కడే ఉంది. గోధుమ పిండిలో ఉండే గ్లూటెన్ జొన్నపిండిలో ఉండదు, కాబట్టి దానికదే సాగదు. మరిగే నీళ్లు పడితేనే పిండి కొంత ఉడికి జిగురు పట్టుకుంటుంది. కప్పు పిండికి కప్పు కంటే కొంచెం తక్కువ నీళ్లు పెట్టండి. అందులో చిటికెడు ఉప్పు వేసి, తెర్లుతున్నప్పుడు పిండి పోసి, స్టవ్ ఆపి, గరిటె కాడతో కలిపి మూత పెట్టండి. 5 నిమిషాలు ఆగి, చెయ్యి పట్టగలిగే వేడి ఉండగానే అరచేతి కింది భాగంతో బాగా పిసకాలి. ఇక్కడ తొందరపడితే రొట్టె పగులుతుంది. తర్వాత పీట మీద పొడి పిండి చల్లి తట్టి, పెంక మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు రాయండి. ఆ తడి ఆరగానే తిప్పండి, పూర్తిగా ఎండిపోయేదాకా ఆగొద్దు. చివర్లో మంట మీద నేరుగా పెడితే పొంగుతుంది. చేత్తో తట్టడం రాకపోతే చపాతీ కర్రతో మెల్లగా ఒత్తినా ఫరవాలేదు, అమ్మ చూస్తే ఊరుకోదు కానీ తినడానికి తేడా ఏమీ ఉండదు.

పిండి మాత్రం పాతది వద్దు. ఎప్పుడో పట్టిన ప్యాకెట్ పిండితో ఎంత కష్టపడినా రొట్టె సరిగా రాదు. తెల్ల జొన్నలు కొని గిర్నీలో ఒకటి రెండు కిలోలు పట్టించుకోండి, నెలలోపు వాడేయండి. సజ్జపిండి అయితే ఇంకా తక్కువ పట్టించుకోవాలి, అది తొందరగా చేదెక్కుతుంది. భోగి రోజు మా దిక్కు నువ్వులు అద్ది సజ్జ రొట్టె చేస్తారు. ఆ ఒక్క పండక్కే కాదు, చలి ఉన్నన్ని రోజులూ బాగుంటుంది.

పిట్ల గురించి కొంచెం చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. మహారాష్ట్ర పక్కనే ఉండటం వల్ల మాకిది చిన్నప్పటి నుంచి అలవాటు. అరకప్పు శెనగపిండిని రెండు కప్పుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పెట్టుకోండి. నూనెలో ఆవాలు, జీలకర్ర, నలగ్గొట్టిన ఎల్లిపాయలు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేయించి, పసుపు, ఉప్పు వేసి, ఆ పిండి నీళ్లు పోసి కలుపుతూ ఉంటే 7, 8 నిమిషాల్లో చిక్కబడుతుంది. ఇంట్లో కూరగాయ ఒక్కటి కూడా లేని రోజు ఇది పనికొస్తుంది. చల్లారితే గడ్డ కడుతుంది, కాబట్టి ముందు పిట్ల చేసి తర్వాత రొట్టెలు మొదలుపెట్టకండి. పిండి కలిపి మూత పెట్టి, అది నానే 5 నిమిషాల్లో పక్క పొయ్యి మీద పిట్ల ఎక్కించండి.

మా ఆయనది బాపట్ల వైపు. రాత్రిపూట అన్నం లేకపోతే ఆయనకి భోజనం అయినట్టు ఉండదు. పెళ్లయిన మొదటి చలికాలం ఈ విషయంలో ఇద్దరికీ కొంచెం ఇబ్బందే అయింది. అప్పుడు మా అత్తయ్యగారి దగ్గర మిరియాల చారు నేర్చుకున్నాను. ఇప్పుడు వారంలో రెండు రోజులు అదే. నలుగురికి చిన్న నిమ్మకాయంత చింతపండు నానేసి రసం తీసి, ఒక టమాటా చిదిమి, పసుపు, ఉప్పు వేసి మరిగించండి. ఈలోపు చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. ఇవి ముందే వేసి గంటసేపు కాచకండి, వాసన అంతా ఆవిరితో పోతుంది. చారు బాగా మరిగాక వేసి, రెండు పొంగులు రానిచ్చి దించండి. పోపు నెయ్యితో పెట్టండి. అత్తయ్యగారు చెప్పిన మాట ఒకటి నేను తప్పకుండా పాటిస్తాను: "అన్నం కుక్కర్ మూత తీసే టైముకి చారు పొంగాలమ్మా." రెండూ ఒకేసారి అయితేనే ఆ వేడి ఉంటుంది. పొద్దుటి అన్నంలో వేడి చారు పోసుకుంటే చారు కూడా చల్లారిపోతుంది. మీకు తిన్నట్టు అనిపించకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటున్నాను. ఇద్దరికి ఒక కప్పు బియ్యం వండటానికి కుక్కర్‌లో 15 నిమిషాలు పడుతుంది. కూర పొద్దుటిదే ఉన్నా అన్నం మాత్రం అప్పటికప్పుడు వండండి.

ఆదివారాలు ఉలవలు పెడతాను. శనివారం రాత్రి కప్పు ఉలవలు కడిగి నానేస్తే, పొద్దున 6 కప్పుల నీళ్లతో కుక్కర్‌లో 8, 10 విజిల్స్ వచ్చేదాకా ఉడికించాలి. ఆ నీళ్లు వంపి చింతపండు రసంతో చారు కాస్తాను. గింజలు పోపేసి, ఉల్లిగడ్డ, కొంచెం కొబ్బరి వేస్తే సాయంత్రానికి గుగ్గిళ్లు. హోటళ్లలో మీగడ వేసి ఇచ్చే చిక్కటి ఉలవచారు వేరు, అది గంటల తరబడి మరగాలి, పని రోజుల్లో దాని జోలికి పోకండి. ఇంటి చారు పల్చగా ఉన్నా బాగుంటుంది. ఉడికించిన నీళ్లు సగం ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మంగళవారం రాత్రి 10 నిమిషాల్లో మళ్లీ చారు అవుతుంది. అది మిగిలిన వంటకాన్ని వేడి చేయడం కాదు, కొత్తగా పోపు పెట్టి కాయడమే.

ఇంక అసలు ఓపికే లేని రోజులు ఉంటాయి. ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని, తలనొప్పితో వచ్చిన రోజులు. మొదట్లో అలాంటప్పుడు మేం కర్రీ పాయింట్‌లో కూరలు తెచ్చుకునేవాళ్లం. ప్లాస్టిక్ కవర్లలో కట్టిన కూర ఇంటికి వచ్చేసరికి నూనె గడ్డకట్టి ఉండేది. రెండుసార్లు కడుపు పాడై మానేశాం. ఇప్పుడు ఆ రోజుల్లో కిచిడీ. కప్పు బియ్యం, అరకప్పు ఎర్రపప్పు, నాలుగున్నర కప్పుల నీళ్లు. కుక్కర్‌లోనే నెయ్యి, జీలకర్ర, మిరియాలు, అల్లం ముక్క వేసి, బియ్యం పప్పు కలిపి, పసుపు, ఉప్పు వేసి 4 విజిల్స్. బట్టలు మార్చుకుని, ముఖం కడుక్కుని వచ్చేసరికి అయిపోతుంది. హైదరాబాద్‌లో పొద్దున టిఫిన్‌గా కిచిడీలోకి ఖట్టా అని పుల్లటి నువ్వుల పులుసు పెడతారు కదా, అది రాత్రికి కూడా బాగుంటుంది. వేయించిన నువ్వుల పొడి మీ దగ్గర డబ్బాలో ఉంటే చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, కారం వేస్తే చాలు, పొయ్యి అక్కర్లేదు. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి చలికాలం మొదట్లోనే చేసి పెట్టుకోండి. వేడి అన్నంలో ఒక చెంచా పొడి, నెయ్యి ఉంటే కూర లేదన్న టెన్షన్ ఉండదు.

మీరు పెరుగు గురించి అడగలేదు కానీ చెప్తాను, చలికి తోడుకోక చాలామంది మానేస్తారు. పాలు మామూలు రోజుల కంటే కొంచెం ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, తోడు కూడా కొంచెం ఎక్కువ వేసి, గిన్నెని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేయండి. రాత్రి పెడితే పొద్దునకి గట్టిగా తోడుకుంటుంది.

ఇంకొక్క మాట. డిసెంబరు చివర్లో పచ్చి కందికాయ మార్కెట్లోకి వస్తుంది. కనపడితే కిలో తెచ్చుకోండి. కాయ ఒలవకుండానే ఉప్పు నీళ్లలో ఉడికించి, గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఒలుచుకుంటూ తినండి. ఆ రాత్రికి దాని తర్వాత చారన్నం ఒక్కటి చాలు. మా బాపు చేను నుంచి వచ్చేటప్పుడు తువ్వాలలో మూట కట్టి తెచ్చేవాడు. అమ్మ రొట్టెలు కాల్చే పొయ్యి మీదే, రొట్టెలు అయిపోయాక ఆ కాయల గంజు (గిన్నె) ఎక్కేది.