నోమ్ పెన్ కొళాయిలో నీళ్ళు ఎవరి పుణ్యం?

పోయిన నెల ఇదే పేజీలో బయటి దేశాల సాయం గురించి నాలుగు మాటలు రాసి, ఆ డబ్బు మంచికా చెడుకా మీరే అడగండి అన్నాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చినాయి, అందులో ఎక్కువ కంబోడియా గురించే. మన పిల్లోళ్ళు పనులకని ఆ పక్క పోతుండేది ఒక కారణం అనుకుంటా. వాటిలో ఐదు ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: అన్నా, మా వీధికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు ఇడుస్తారు, అది కూడా తెల్లవారుజామున మూడు గంటలకు. గేటు ముందర గుంత తవ్వి దాంట్లో కొళాయి పెట్టుకున్నాం, అయినా పక్కింటోళ్ళు మోటార్ ఆన్ చేసినారంటే మాకు గాలే వస్తాది. మా తమ్ముడు కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో హోటల్లో వంట పనికి పోయినాడు. అక్కడ 24 గంటలూ కొళాయి వస్తాదంట, జపానోళ్ళు కట్టించినారంట. మనకూ ఏ దేశమన్నా అట్లా కట్టిస్తే ఈ బాధ తీరదా? (ఒక గృహిణి, అనంతపురం)

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పింది నిజమే కానీ సగమే. ఆ మిగతా సగమే నాకు ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సాయుధులు నోమ్ పెన్‌లోకి వచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయించినారు, చదువుకున్నోళ్ళను, ఇంజనీర్లను చంపేసినారు, 1979లో వాళ్ళు పోయేసరికి నీళ్ళ పని తెలిసినోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలినారు. 1993 నాటి లెక్క చూడండి, ప్లాంటు నుంచి 100 బిందెలు బయలుదేరితే అందులో 72 బిందెలకు బిల్లే లేదు. కొంత పైపులు పగిలి భూమిలోకి, కొంత దొంగ కనెక్షన్లకు, ఇంకొంత ఆఫీసులోని సిబ్బందే అమ్ముకునేవాళ్ళు. నీళ్ళు రోజుకు పది గంటలే, అది కూడా ఊళ్ళో ఐదో వంతుకే. మెకాంగ్ లాంటి నది ఊరి పక్కనే పారుతున్నా పేదోళ్ళు మాత్రం బండోళ్ళ దగ్గర బకెట్ లెక్కన కొనుక్కుని, కొళాయి ఉన్న గొప్పోళ్ళ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కట్టేవాళ్ళు. ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టి నిలబడినోళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాదే ఎక్ సోన్ చాన్ అనే ఆయన ఆ నీళ్ళ సంస్థకు పెద్దగా వచ్చినాడు. ఖ్మేర్ రూజ్ కాలంలో కుటుంబ సభ్యులను పోగొట్టుకున్న మనిషి. డబ్బు జపాన్ ఇచ్చింది, ఫ్రాన్స్ ఇచ్చింది, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చినాయి. ఫుమ్ ప్రెక్ అనే పెద్ద ప్లాంటును జపాన్ గ్రాంటుతో బాగు చేసినారు, పాత పైపులు పీకేసి కొత్తవి వేసినారు. ఇంతవరకు మీ తమ్ముడు చెప్పిందే.

కానీ ఆయన దానితో పాటు ఇంకో పని మొదలుపెట్టినాడు, ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో కనెక్షన్ ఉందో రాయించినాడు, ప్రతి కనెక్షన్‌కూ మీటర్ పెట్టించినాడు, దొంగ కనెక్షన్ ఇచ్చిన సొంత సిబ్బంది మీద చర్య తీసుకున్నాడు, బాగా పని చేసినోళ్ళకు జీతం పెంచినాడు. ఒక మిలిటరీ జనరల్ ఇంట్లో మీటర్ పెట్టనీయకపోతే తానే పోయినాడంట, ఆ జనరల్ తలకు తుపాకీ గురిపెడితే వెనక్కి వచ్చి, పోలీసుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ పోయి ఆ కనెక్షన్ కట్ చేయించినాడు. ఇది ఆయనే చెప్పిన సంగతి. మీ పక్కింటి మోటార్ సంగతి చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఇదే. ఆ మోటార్ పీకించేది జపానోడు కాదు కదమ్మా.

రేటు కూడా పెంచినారు, దాచేదేం లేదు. మూడు విడతలుగా పెంచుదామని ప్లాన్ వేసుకున్నారు, అయితే బిల్లులు సరిగ్గా వసూలు కావడంతో మూడో విడత అక్కర్లేకపోయింది. పేదోళ్ళకు కనెక్షన్ చార్జీలో 30 శాతం నుంచి మొదలుపెట్టి మొత్తం మాఫీ దాకా తగ్గింపు ఇచ్చినారు, బకెట్‌కు పెట్టే డబ్బుతో పోలిస్తే బిల్లు చవక అయ్యేసరికి వాళ్ళే ముందుకొచ్చి కట్టినారు. 1999 నుంచి జపాన్‌లోని కితాక్యూషూ అనే ఊరి నీళ్ళ ఆఫీసు ఇంజనీర్లు వచ్చి, ఊరిని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకులో రాత్రిపూట నీళ్ళు లీకవుతున్నాయో ఎట్లా పట్టుకోవాలో పక్కన నిలబడి నేర్పించినారు. నన్నడిగితే కాంక్రీట్ కన్నా ఈ నేర్పించడమే పెద్ద సాయం. 72 బిందెలు పోయే చోట పదిహేను, పదహారు ఏళ్ళకు ఆరు బిందెల దగ్గరికి తెచ్చినారు. ఎక్ సోన్ చాన్‌కు 2006లో మెగసెసే అవార్డు వచ్చింది, 2012లో కంబోడియా స్టాక్ మార్కెట్ మొదలైనప్పుడు అందులో లిస్ట్ అయిన మొట్టమొదటి కంపెనీ ఈ నీళ్ళ సంస్థే.

మనది నది ఒడ్డు ఊరు కాదు, దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లా, ఆ తేడా ఒప్పుకోవాల్సిందే, వాళ్ళకు కుదిరిందంతా మనకు అట్లనే కుదురుతుందని నేను చెప్పను. బయటి డబ్బు మనకు కొత్త కూడా కాదు. 1969లో స్పెయిన్ ఆయన ఫెర్రర్ గారు ఇక్కడికి వచ్చి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ మొదలుపెట్టినప్పటి నుంచి స్పెయిన్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియనోళ్ళు నెలనెలా పంపిన డబ్బుతో మన పల్లెల్లో ఇండ్లు లేచినాయి, బత్తలపల్లిలో ఆసుపత్రి లేచింది. అయితే ఎండలో ఊరూరా తిరిగి పని చేసింది మాత్రం మనోళ్ళే. అందుకే, ఏ దేశమన్నా కట్టిస్తే బాధ తీరుతుందా అంటే, కట్టడం ఒక్కదానితోనే తీరదు. మీ వార్డులో మీటర్లు పెడతామని ఎవరైనా వస్తే వద్దని గొడవ చేయకండి, మోటార్లు కూడా తీయిస్తారా అని అడగండి.

ప్రశ్న: సార్, గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నా. గ్రాంట్, సాఫ్ట్ లోన్, టెక్నికల్ అసిస్టెన్స్, బీఓటీ, ఇవన్నీ కలిసిపోతున్నాయి. (ఒక విద్యార్థి, కడప)

జవాబు: డెఫినిషన్లు బట్టీ పడితే కలిసిపోతాయి తమ్ముడూ, ఒక్కో దానికి ఒక్కో కట్టడం గుర్తుపెట్టుకో. నోమ్ పెన్ నుంచి వియత్నాం పోయే ఒకటో నంబర్ హైవేలో నీక్ లోంగ్ దగ్గర మెకాంగ్ అడ్డం వస్తాది. ముందు అక్కడ బండ్లన్నీ పంటు మీద ఎక్కించి దాటించేవాళ్ళు, పండగలొస్తే గంటల కొద్దీ క్యూ. 2015 ఏప్రిల్‌లో జపాన్ అక్కడ త్సుబాసా బ్రిడ్జి కట్టి ఇచ్చింది, 2,215 మీటర్లు, తిరిగి రూపాయి కట్టక్కర్లేదు. అది గ్రాంట్. కంబోడియా వాళ్ళు ఆ బ్రిడ్జిని, కాంపోంగ్ చామ్‌లో 2001లో జపానే కట్టిన కిజునా బ్రిడ్జిని కలిపి తమ 500 రియల్ నోటు మీద వేసుకున్నారు, కూరగాయలు కొనేటప్పుడు కూడా చేతిలో ఆ బ్రిడ్జిలే. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు తక్కువ వడ్డీకి చాలా ఏళ్ళ గడువుతో ఇచ్చేవి సాఫ్ట్ లోన్లు, ఎంత సాఫ్ట్ అయినా అప్పు అప్పే. కితాక్యూషూ ఇంజనీర్లు వచ్చి నేర్పించినారని పైన చెప్పినా చూడు, అది టెక్నికల్ అసిస్టెన్స్. ఇంక నోమ్ పెన్ నుంచి సిహనూక్‌విల్ రేవుకు 187 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2022లో ఓపెన్ అయ్యింది, చైనా కంపెనీ దాదాపు 200 కోట్ల డాలర్లు పెట్టి కట్టి, 50 ఏళ్ళు టోల్ వసూలు చేసుకుని తర్వాత అప్పగిస్తాది. అది బీఓటీ. దాన్ని సాయం అనకూడదు, వ్యాపారం అనాలి, తప్పేం లేదు కానీ పేరు సరిగ్గా పెట్టుకోవాలి.

ప్రశ్న: సాయం పేరుతో పేదలకు అన్యాయం జరిగిన సందర్భాలు లేవా? అన్నీ మంచే రాస్తారా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆదోని)

జవాబు: ఉన్నాయి సార్, మీరు అడగడం మంచిదయ్యింది. నోమ్ పెన్ నడిమధ్యలో బోంగ్ కాక్ అని ఒక చెరువు ఉండేది, చుట్టూ దాదాపు 4,000 కుటుంబాలు. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు డబ్బుతో దేశంలో భూములకు పట్టాలిచ్చే ప్రాజెక్టు నడుస్తుండేది, ఈ చెరువు గట్టు జనానికి మాత్రం పట్టాలు రాలేదు, పైగా 2007లో ఆ జాగాను 99 ఏళ్ళకు ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చినారు. మరుసటి ఏడాది నుంచి చెరువులోకి ఇసుక పంపు చేసి పూడ్చేసినారు, నీళ్ళు ఇండ్లలోకి వచ్చినాయి, జనం వెళ్ళిపోక తప్పలేదు. మిగిలినోళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఊరుకోలేదు. ప్రపంచ బ్యాంకులోనే ఫిర్యాదులు వినే ప్యానెల్ ఒకటి ఉంటే దానికి కంప్లైంట్ పెట్టించినారు, ప్యానెల్ వాళ్ళ మాట నిజమేనంది. బ్యాంకు కంబోడియాకు కొత్త లోన్లు ఆపేసింది, 2011 ఆగస్టులో ఆ సంగతి బయటపడిన కొద్ది రోజులకే ప్రభుత్వం మిగిలిన కుటుంబాలకు 12.44 హెక్టార్లు ఇస్తామంది. అప్పటికే ఎక్కువమంది వెళ్ళిపోయినారు సార్, అదే బాధ. 2012లో ఆ ఆడవాళ్ళలో 13 మందిని జైల్లో కూడా పెట్టినారు.

రెండోది చిన్న అప్పులు. పేదోళ్ళకు మేలు చేద్దామనే బయటి డబ్బుతో 1990లలో అక్కడ ఈ అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు పుట్టినాయి, తర్వాత పెరిగి పెరిగి బ్యాంకులయినాయి. పట్టా తాకట్టు పెట్టుకుని అప్పు, కంతు కట్టలేకపోతే పొలం అమ్ముకోవడం. ఇది మనకు చెప్పాలా, వారం వారం కంతులు, ఇంటి ముందర కూర్చోవడాలు, 2010 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో ఆర్డినెన్స్ తెచ్చేదాకా మనం చూసిందే. మనకు పట్టా తాకట్టు లేకపోయింది, అదొక్కటే నయం.

ప్రశ్న: మన దేశం తీసుకోవడమేనా, ఇచ్చేది ఏమైనా ఉందా? (వస్త్ర వ్యాపారి, ప్రొద్దుటూరు)

జవాబు: ఉందన్నా. 1980లలో కంబోడియా ప్రభుత్వాన్ని చాలా దేశాలు గుర్తించను కూడా గుర్తించని రోజుల్లో మన పురావస్తు శాఖ వాళ్ళు పోయి 1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్ వాట్ గుడిని బాగు చేసినారు, యుద్ధం పూర్తిగా ఆగకముందే. వాళ్ళు వాడిన కెమికల్స్ గురించి తర్వాత విమర్శలు వచ్చినాయి, అదీ చెప్పాలి, కానీ ఎవరూ రాని రోజుల్లో పోయినారు. తర్వాత తా ప్రోమ్ గుడి పని కూడా మనోళ్ళే చేసినారు, గోడల మీద పెద్ద పెద్ద చెట్ల వేర్లు అల్లుకుని ఉంటాయే, ఆ గుడి. వేరు పీకితే గోడ పడిపోతాది, ఉంచితే రాయి పగులుతాది, అట్లాంటి పని. ఇవి కాక 1964 నుంచి ఐటెక్ అని ఒక పథకం ఉంది, బయటి దేశాల ఉద్యోగులను మన ఖర్చుతో పిలిపించి ట్రైనింగ్ ఇస్తారు, కంబోడియా వాళ్ళూ వస్తుంటారు.

ప్రశ్న: కంబోడియాలో ఎలుకలు బాంబులు కనిపెడతాయంట. మా ఫ్రెండ్స్ నమ్మడం లేదు. నిజమేనా? (ఆరో తరగతి పాప, గుంతకల్లు)

జవాబు: నిజమే బంగారూ, మీ ఫ్రెండ్స్‌కు ఈ పేజీ చూపించు. యుద్ధాలప్పుడు పొలాల్లో పాతిపెట్టిన మందుపాతరలు అక్కడ ఇంకా ఉన్నాయి, 1979 నుంచి ఇప్పటిదాకా వాటి వల్ల, పేలకుండా మిగిలిన బాంబుల వల్ల 60,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో జరిగింది. వాటిని తీయడానికి ఎన్నో దేశాలు డబ్బిస్తాయి, 2025 జనవరిలో అమెరికా తన సాయం ఆపినప్పుడు ఆ పని కొన్ని చోట్ల ఆగిపోయింది కూడా. ఆపోపో అని బెల్జియం వాళ్ళు మొదలుపెట్టిన సంస్థ ఆఫ్రికాలో పెద్ద ఎలుకలకు ట్రైనింగ్ ఇచ్చి పంపిస్తాది. అవి ఇనుమును పట్టించుకోవు, లోపలి మందు వాసన పడతాయి, అందుకే పాత మేకులు, డబ్బాల దగ్గర టైం వేస్ట్ చేయవు. టెన్నిస్ కోర్టంత జాగాను ఒక ఎలుక అరగంటలో చూసేస్తాది, అదే మనిషి మిషన్ పట్టుకుని చూస్తే ఒకటి నుంచి నాలుగు రోజులు. మగావా అనే ఎలుకకు 2020లో బంగారు మెడల్ ఇచ్చినారు, మనుషుల మెడల్ లాంటిదే, దాని మెడకు సరిపోయేంత చిన్నది. వాసన పట్టిన చోట ఎలుక కాళ్ళతో గీకుతాది, అప్పుడు వాళ్ళు దానికి ఏం పెడతారో తెలుసా, అరటిపండు ముక్క, లేదంటే మన ఊళ్ళో మీరంతా తినే చెనిక్కాయ. మందుపాతర పేలదా అని అడుగుతావేమో, ఎలుక కిలో పైచిలుకే తూగుతాది తల్లీ, ఆ బరువుకు పేలదు.