పంపు ఉన్న పిల్ల నీ వార్డుకొస్తే

బిడ్డా,

షుగర్ ఉన్న, ఇంటర్ చదివే పిల్ల ఇన్సులిన్ పంపుతో (సన్నని ట్యూబు ద్వారా ఒంట్లోకి రోజంతా ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషన్) చేరిందని, దాన్ని ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉందని అన్నావు కదా. పంపును చూసి కాదు, అది ఆగిపోతే టెన్షన్ పడాలి. అందులో పోసేది గబగబా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, రోజంతా నిలిచే రకం ఒంట్లో అసలే ఉండదు, అందుకే ట్యూబు మడతపడ్డా, చర్మం కింద ఉండే సన్నని గొట్టం, అదే క్యాన్యులా, వంగినా కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒంట్లో కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు) పెరగడం మొదలవుతుంది.

షుగర్ 250 దాటి, కరెక్షన్ (షుగర్ దించడానికి ఇచ్చే అదనపు డోసు) ఇచ్చిన గంటా రెండు గంటలకి కూడా దిగకపోతే పంపుతోనే ఇంకో డోసు ఇవ్వొద్దు. స్క్రీన్ మీద ఇచ్చినట్టే చూపిస్తుంది, ఒంట్లోకి ఎక్కిందో లేదో దానికేం తెలుసు? కీటోన్లు చూసి డాక్టర్‌కి చెప్పు, వాళ్లు చెప్పిన డోసు ఇన్సులిన్ పెన్నుతోనో సిరంజితోనో ఇచ్చి, ట్యూబు, క్యాన్యులా ఉన్న సెట్టు కొత్తది మార్పించు. తీసిన క్యాన్యులా కొన వెలుతురులో పట్టి చూడు, వంగి ఉంటే సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఆ టైములో పిల్ల కడుపునొప్పి, వాంతులు అంటే గ్యాస్ అని మాత్రం వదిలేయకు, కీటోన్లు పెరిగిన గుర్తు కావచ్చు.

సిరంజి విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. పంపులో వాడేది మిల్లీలీటరుకి 100 యూనిట్ల ఇన్సులిన్. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన సిరంజిలు కూడా దొరుకుతాయి, వాటికి ఎర్ర మూత. ఈ ఇన్సులిన్‌ని అందులో 10 గీత దాకా లాగితే పిల్లకి పోయేది 25 యూనిట్లు! 100 యూనిట్ల ఇన్సులిన్‌కి సరిపోయే నారింజ మూత సిరంజి ఒకటి మంచం పక్కనే పెట్టుకో.

షుగర్ 70 కంటే దిగితే, తెలివిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి పావుగంటకి మళ్లీ చూడు, బిస్కెట్ ఇచ్చి కూర్చోవద్దు. తెలివి తప్పితే నోట్లో చుక్క కూడా పోయకు, పంపు ఆపి డాక్టర్‌ని పిలువు.

ఇక ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు అమ్మ జవాబు చెప్పేలోపే పిల్లనే అడుగు, చాలామంది పిల్లలకి తమ పంపు మనకంటే బాగా తెలుసు. సకినాలు ఎందుకు తిన్నావని మొదలుపెడితే రేపటి నుంచి తిన్నది చెప్పదు, తిన్నదానికి పంపుతో తీసుకోవాల్సిన డోసు, అదే బోలస్, కూడా నొక్కదు. తిన్నావా, ఎన్ని, నొక్కావా, అంతే. కాలేజీలో స్నేహితుల ముందు పంపు బయటికి తీయడానికి సిగ్గుపడి బోలస్ ఎగ్గొట్టే వయసు అది. పొట్ట మీద వేలితో తడిమి చూడు, గడ్డల్లా తగిలితే ఒకేచోట పెడుతోందన్నమాట, అక్కడ ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి.

ఇంటికి పంపేటప్పుడు మన ఊరి సంగతులు చెప్పి పంపు. మే నెలలో హనుమకొండ ఎండకి టేపు చెమటతో ఊడుతుంది, బండి డిక్కీలో పెట్టిన ఇన్సులిన్ పాడైపోతుంది. బతుకమ్మ ఆడిన రోజు షుగర్ అప్పుడే కాదు, అర్ధరాత్రి కూడా పడిపోవచ్చు, పడుకునే ముందు చూసుకోమను, ఆ రాత్రికి బేసల్ (పంపు రోజంతా కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్) ఎంత తగ్గించాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోమను.

ఎంఆర్‌ఐకి పంపు తీయాల్సిందే. తీసిన టైము, మళ్లీ తగిలించిన టైము కేస్ షీటులో రాసి, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కి నోటితో కూడా చెప్పు.

నీ పెద్దమ్మ