గడ్డ కన్నా దాని మొదలు ముఖ్యం

ప్రశ్న: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. ఈమధ్య ఎండోస్కోప్‌తో ముక్కులోంచి ఇన్వర్టెడ్ పాపిలోమా (ముక్కులో, సైనస్‌లలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ) తీయడం చూశాను. ముఖం మీద ఒక్క కోత కూడా లేదు! ఇదే చేయాలనిపిస్తోంది. 'క్యాన్సర్ కాని గడ్డల కోసం అన్నేళ్లు చదవాలా?' అంటున్నారు ఇంట్లో. పైగా కొత్త పని చేసేటప్పుడు నా చేతులు వణుకుతాయి. ఏం చేయమంటారు?

జవాబు: క్యాన్సర్ కాని గడ్డలకు వాడే 'నిరపాయకర' అన్న మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇన్వర్టెడ్ పాపిలోమా మొదలు, అంటే అది పుట్టిన చోటు, కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది, కొందరిలో క్యాన్సర్‌గానూ మారుతుంది. టీనేజ్ అబ్బాయిల్లో వచ్చే యాంజియోఫైబ్రోమా అయితే దాదాపు రక్తనాళాల ముద్దే. సంగతి తెలియక ఓపీలో బయాప్సీకి ముక్క తీస్తే రక్తం ఆపడం గగనమవుతుంది. సైనస్‌కూ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గది) కంటికీ మధ్య ఉన్నది కాగితమంత పల్చటి ఎముక. పైన మెదడు. ఇంట్లోవాళ్లకు ఇదే చెప్పండి.

మీరు చూసింది ఆఖరి ఘట్టం. అసలు పని సీటీ ముందు కూర్చున్నప్పుడే మొదలవుతుంది. ఫిల్ములో సైనస్ మొత్తం నిండినట్టే కనిపిస్తుంది, కానీ గడ్డ పుట్టింది చాలాసార్లు ఒక చిన్న చోటే. అక్కడ ఎముక కాస్త దళసరిగా ఉంటుంది. నిండినదాంట్లో గడ్డ ఎంత, వెనక ఆగిపోయిన చీమిడి ఎంత అన్నది ఎమ్మారై తేలుస్తుంది. సర్జన్ గడ్డను తగ్గించుకుంటూ వెళ్లి, ఆ మొదలు దొరికాక పొరను ఒలిచి, కింది ఎముకను డ్రిల్‌తో అరగదీస్తారు. నా దృష్టిలో ఈ రంగంలో నేర్పంటే అదే.

చేతుల సంగతికి వస్తే, మొదట్లో వణకనివాళ్లు తక్కువ. ఎడమ చేతిలో 4 మి.మీ. స్కోప్, కుడి చేతిలో పరికరం, చూపు మాత్రం తెరమీద. ఒక్క రక్తపు చుక్క లెన్స్ మీద పడితే చాలు, తెరంతా ఎరుపే. తుడుచుకోవాలి, రక్తనాళాలను బిగించే అడ్రినలిన్‌లో తడిపిన గుడ్డముక్క పెట్టి ఆగాలి, మళ్లీ వెళ్లాలి. ఓపీలో వందల ఎండోస్కోపీలు, కాడవర్ డిసెక్షన్ (శవాల మీద కోత సాధన) చేస్తూ పోతే చేయి కుదురుకుంటుంది. రాసేటప్పుడు, గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా వణుకుంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించుకోండి.

ఈఎన్‌టీలో పీజీ, ఆపై రైనాలజీ (ముక్కు, సైనస్‌ల వైద్యం), స్కల్ బేస్ (పుర్రె అడుగుభాగం) ఫెలోషిప్: దారి ఇదీ. అయితే ఈ గడ్డలు అరుదు. రోజూ వచ్చేవి సైనసైటిస్, పాలిప్‌లు, వంకర ముక్కు దూలం, చెవి, గొంతు కేసులే. అవి విసుగనిపిస్తే ఈ దారిలోకి రావద్దు. పీజీ సీటు ఎంచుకునేటప్పుడు కాడవర్ ల్యాబ్ ఉందా, ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు యాంజియోఫైబ్రోమాకు రక్తం అందించే నాళాలను మూసే రేడియాలజిస్టు ఉన్నారా, న్యూరోసర్జన్ పిలిస్తే వస్తారా అని అక్కడి సీనియర్లను అడగండి. బయటినుంచి కోసి చేసే పద్ధతులూ నేర్పుతారా అని కూడా అడగండి. ఫ్రాంటల్ (నుదుటి) సైనస్‌లో బాగా పక్కకు ఉన్న కొన్ని గడ్డలకు స్కోప్ ఒక్కటే చాలదు.

మిగిలిన పోస్టింగ్‌లో ఒక పని చేయండి. ప్రతి సైనస్ ఆపరేషన్‌కు ముందు సీటీ చూసి, గడ్డ లేదా పాలిప్ మొదలు ఎక్కడుందనుకుంటున్నారో కాగితం మీద రాసుకోండి. తర్వాత థియేటర్‌లో నిలబడి సరిచూసుకోండి. పది కేసులయ్యాక కూడా పదకొండో సీటీ కోసం ఎదురుచూస్తుంటే నాకు మళ్లీ రాయండి, ఫెలోషిప్‌ల గురించి మాట్లాడుకుందాం.