నీ ఎముకలగూడు ప్రేమకథ గురించి

అమ్మాయీ,

నీ బొమ్మల కథ రెండుసార్లు చదివాను. చనిపోయినవాడు ఎముకలగూడై తిరిగొచ్చి, మాట ఇచ్చిన పిల్ల ఇంటి తలుపు తట్టడం నాకు చాలా నచ్చింది. నలభై ఏళ్లు పుస్తకాలకు బొమ్మలు వేసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

బొమ్మల పక్కన నువ్వు రాసిన పద్యం అన్నీ చెప్పేస్తోంది. ‘ఎముకల చేత్తో తట్టాడు’ అని రాసి, పక్కనే ఎముకలు గీస్తే బొమ్మకు పనేముంది? చావును బొమ్మకు వదిలెయ్. పద్యంలో మామూలు ప్రేమే ఉండనీ.

రాత్రి తలుపును తట్టి పిలిచెను
ఆమె నవ్వుతు ఎదుట నిలిచెను

ఇందులో చావు ఊసే లేదు. బొమ్మలో మాత్రం తలుపు సందున ఐదు ఎముకల వేళ్లు. నవ్వూ వణుకూ కలిసి వచ్చేది అక్కడే. మొదటి పాదం కుడి పేజీ అడుగున పెట్టు, రెండోది పేజీ తిప్పాక కనిపించాలి. ‘పిలిచెను’ విన్న చెవి దాని జత మాట కోసం కాచుకుని ఉంటుంది. ఆ క్షణం టెన్షన్‌ను వదులుకోకు.

ప్రాస దగ్గర బద్ధకించావు. అతను, ఆమె చేసిన పని చెప్పే మన క్రియలు చాలావరకు ‘డు’, ‘ది’ అనే ముగుస్తాయి కాబట్టి ‘వెళ్లాడు, తిన్నాడు’ అన్నా కుదిరినట్టే అనిపిస్తుంది. కుదరలేదమ్మా. పిలిచెను, నిలిచెనులా ముందరి అక్షరాలూ కలవాలి. నడకకు మూడు, నాలుగు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు) మార్చి మార్చి వేసుకో. గురజాడ ముత్యాలసరం నడక అదే, పై రెండు పాదాలదీ అదే. బల్ల మీద తాళం వేస్తూ పైకి చదివితే ఎక్కడ కుంటుతోందో నీకే తెలుస్తుంది.

పేజీలు 32కి దించు. పదహారేసి పేజీల ఫారాలు (అచ్చేసి మడిచే పెద్ద కాగితాలు) రెండు సరిపోతాయి. చుట్టాల సీన్లు తీసేస్తే చాలు.

ఒక్క బొమ్మ మాత్రం ముట్టుకోకు. ఉంగరం తొడుగుతుంటే అతని వేలే ఊడి పడుతుంది, ఆమె దాన్ని తుడిచి కొంగున కట్టుకుంటుంది. అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. నీ హాస్యమంతా ఆ పిల్ల ప్రేమలోంచే పుట్టాలి. తర్వాతి పేజీలో అతని బోడి తల మీద వేసిన జోకులు అందుకే వద్దంటున్నాను. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూడా ఈ పుస్తకం తెరుస్తారు.

ముందు పెన్సిల్‌తో గీసి, చిన్న నమూనా పుస్తకం కుట్టి పంపు. రంగులు ఇప్పుడే ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న