పల్లెలు మారిపోతున్నా కొందరు అక్కడే ఎందుకు ఉంటారు? వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకు వస్తారు?

వెళ్లడానికి కారణం డబ్బొక్కటే అనుకుంటాం గానీ చదువు, పెళ్లి కూడా గట్టి కారణాలే. యంత్రాలు వచ్చాక పదిమంది చేసే పొలం పని ఒకరిద్దరితో అయిపోతుంది. జనం తగ్గితే బడి మూతపడుతుంది, బస్సులు తగ్గుతాయి, అది చూసి ఇంకొందరు కదులుతారు.

ఉండిపోయినవాళ్లంతా ఇష్టపడి ఉన్నట్టు కాదు. ఊరి నుంచి నెట్టేవి, బయటికి లాగేవి ఉన్నట్టే మధ్యలో అడ్డంకులూ ఉంటాయని వలసల మీద పరిశోధించిన ఎవరెట్ లీ 1966లో వివరించాడు. ప్రయాణానికి, అద్దెకు చేతిలో ఎంతో కొంత ఉండాలి కదా, అందుకే మరీ పేదవాళ్లు చాలాసార్లు కదల్లేరు. భూమి, ముసలి తల్లిదండ్రులు, అవసరానికి అప్పిచ్చే ఇరుగుపొరుగు, వీటిని వదులుకోవడమూ ఖర్చే. ఈ లెక్క ఎవరూ కాగితం మీద వేయరు.

తిరిగి రావడం కొత్తేం కాదు. ప్రతి వలసకూ ఎదురు వలస ఉంటుందని భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ 1885లోనే రాశాడు. రిటైర్మెంట్, ఇంట్లో జబ్బు, పిల్లల పెంపకం, పోయిన ఉద్యోగం ఇలా కారణాలు బోలెడు. 2020 లాక్‌డౌన్లలో వెనక్కొచ్చి, పని దొరక్క మళ్లీ వెళ్లినవాళ్లూ చాలామందే. నిలదొక్కుకునేది ఎక్కువగా సంపాదనో, పనితనమో వెంట తెచ్చుకున్నవాళ్లే. మిగతావాళ్లకు తిరిగొచ్చాకే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే వాళ్లు వదిలివెళ్లిన ఊరు అప్పటికి అక్కడ ఉండదు.