ఇసుకలో కూరుకుపోయే బండి

ప్రశ్న: టెక్సాస్‌లో, గాల్వెస్టన్ దగ్గర ఉంటాం. చేపల వేటకు వాడే మా కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) బరువు 40 కిలోలు. పీవీసీ పైపులకు పాత లాన్ మోవర్ చక్రాలు తగిలించి బండి చేశాను. రోడ్డు మీద బాగానే ఉంది, ఇసుకలో దిగబడుతోంది. ఏం చేయాలి?

జవాబు: నా మొదటి బండీ అంతేనండీ. కారు దగ్గర్నుంచి నీళ్లదాకా నాగలి చాళ్లు పడ్డాయి. "విత్తనాలు తేనా?" అంది మా ఆవిడ. సన్నటి గట్టి చక్రం సిమెంటుకే పనికొస్తుంది. ఇసుకకు వెడల్పాటి బెలూన్ టైర్లు వేయండి, గాలి తక్కువ ఉంచండి. ఖరీదే, కానీ డబ్బు పెట్టాల్సింది అక్కడే. ఇరుసుకు స్టెయిన్‌లెస్ రాడ్డు మేలు. మామూలు ఇనుము ఉప్పునీటికి తుప్పుపట్టి, నా చక్రం సుత్తి దెబ్బలకు గానీ ఊడలేదు. పైపుల అడుగున చిన్న రంధ్రాలు వేస్తే లోపలి నీరు కారిపోతుంది.

స్కప్పర్ రంధ్రాల్లో (పడవలో పడ్డ నీరు కిందికి పోయే రంధ్రాలు) గుచ్చే రకం బండి జోలికి నేనైతే వెళ్లను. బరువంతా అక్కడే పడి పడవ అడుగు చీలొచ్చు. పైపులకు పూల్ నూడుల్స్ (ఈత కొలనులో వాడే మెత్తటి ఫోమ్ గొట్టాలు) తొడిగి, వాటిమీద పడవ పెట్టి బెల్టుతో బిగించండి. బిగించేముందు ఐస్ పెట్టె, గేలపు కర్రలు అన్నీ ఎక్కించి, బండిని ముందుకూ వెనక్కూ జరపండి. పడవ ముక్కు తేలిగ్గా లేచేచోట కట్టేయండి.