పౌడర్‌లో స్నోబోర్డ్ నోస్ మునుగుతోందని పొడవైన బోర్డ్ కొనాలా?

మీరు 78 కిలోలు, బూట్ సైజు 10, వాడేది 157 సెంటీమీటర్ల క్యాంబర్ ట్విన్ స్నోబోర్డ్, అంటే మధ్యలో పైకి వంగి, ముందూ వెనకా ఒకేలా ఉండేది. గ్రూమ్డ్ రన్స్‌లో, అంటే యంత్రంతో చదును చేసిన వాలుల్లో, ఏ ఇబ్బందీ లేదు గానీ, మెత్తటి కొత్త మంచు (పౌడర్) పడ్డ రోజు నోస్, అంటే బోర్డ్ ముందు కొస, మునిగిపోయి వెనక కాలు పీకేస్తోంది, 162 కొంటే తీరుతుందా అని అడిగారు. ఆ ఒక్క కారణంతో కొనకండి. నాదీ దాదాపు మీ బరువే. క్యాంబర్ ట్విన్, పొడవాటి డైరెక్షనల్ (ముఖ్యంగా ఒకే దిశలో నడపడానికి చేసినది), పొట్టిగా వెడల్పుగా ఉండే 152 పౌడర్ బోర్డ్, మూడూ వాడాను. పొడవు కంటే ఆకారమే ఎక్కువ తేడా చూపించింది.

ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ బోర్డ్ సగటు వెడల్పు 27 సెంటీమీటర్లు అనుకుందాం. 5 సెంటీమీటర్ల పొడవు పెంచితే మంచు మీద ఆనే విస్తీర్ణం 3 శాతం పైచిలుకు పెరుగుతుంది. అదే పొడవులో 1 సెంటీమీటర్ వెడల్పు పెంచినా దాదాపు అంతే, ఇంకాస్త ఎక్కువే. 152 బోర్డ్ మోకాలి లోతు మంచులో హాయిగా తేలడానికి కారణం ఇదే. పొడవులో పోయింది నడుము (బోర్డ్ మధ్య భాగం) వెడల్పులో, పెద్ద నోస్‌లో తిరిగి వచ్చేసింది.

విస్తీర్ణం ఎంత ఉందన్నదాని కంటే, మీ బరువు దానిమీద ఎక్కడ పడుతోందన్నది ఇంకా ముఖ్యం. ట్విన్‌లో మీరు సరిగ్గా మధ్యలో నిలబడతారు. ముందు ఎంత బోర్డ్ ఉందో వెనకా అంతే ఉంటుంది కాబట్టి, నోస్ పైకి లేవాలంటే ఒళ్లంతా వెనక్కి వాల్చాల్సిందే. వెనక తొడ మండేది అందుకే. పౌడర్ బోర్డ్‌లో ఈ పని ఆకారమే చేస్తుంది. బైండింగ్‌లు (బూట్లను బోర్డ్‌కు బిగించేవి) వెనక్కి ఉంటాయి, నోస్ దగ్గర రాకర్ (పైకి లేచే వంపు) ఉంటుంది, టెయిల్ (వెనక కొస) నోస్ కంటే 10, 15 మిల్లీమీటర్లు సన్నగా ఉంటుంది. ఈ సన్నబడటాన్నే టేపర్ అంటారు. సన్నటి టెయిల్ కాస్త దిగుతుంది, నోస్ దానంతటదే లేస్తుంది, మీరు మామూలుగా రెండు కాళ్ల మీదా నిలబడి ఉండొచ్చు. ఆ తేడా మొదటి నాలుగు మలుపుల్లోనే కాలికి తెలిసిపోతుంది.

ఇక గ్రూమ్డ్ రన్ మీద లెక్క మొత్తం మారుతుంది. అక్కడ తేలే అవసరమే లేదు, అంచు కరవాలి. బోర్డ్‌ను వంచినప్పుడు నిజంగా మంచును కోసే భాగం, అంటే ఎఫెక్టివ్ ఎడ్జ్, ఎంత ఉందన్నదే అసలు విషయం. నోస్, టెయిల్ రెండూ రాకర్‌తో లేచి ఉన్న 162 కంటే మీ 157 క్యాంబర్‌కే ఎక్కువ ఎఫెక్టివ్ ఎడ్జ్ ఉండొచ్చు. రాత్రి గడ్డకట్టి, పొద్దున్నే గట్టిగా ఉన్న రన్‌లో నా 152తో వేగం అందుకుంటే పెద్ద నోస్ టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, కార్వ్ (అంచుతో మంచును కోస్తూ తిరిగే మలుపు) మధ్యలో పట్టు సడలుతుంది. పైగా నడుము వెడల్పు ఎక్కువైతే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడం నెమ్మదిస్తుంది. మరీ సన్నమైనా చిక్కే, బాగా వాలినప్పుడు బూటు కొస మంచుకు రాసుకుని అంచు జారిపోతుంది.

అందుకే కొనేముందు ఖర్చులేని పని ఒకటి చేయండి. పౌడర్ రోజున రెండు బైండింగ్‌లనూ ఒక రంధ్రం వెనక్కి జరపండి, మామూలుగా 2 సెంటీమీటర్లు వస్తుంది. వీలుంటే ఇంకొకటి. గ్రూమ్డ్ రన్స్‌కి వెళ్లేటప్పుడు మళ్లీ మధ్యకు తెచ్చేయండి. ట్విన్‌లో సైడ్‌కట్ (పక్క అంచుల్లో లోపలికి ఉండే వంపు) మధ్యలోనే ఉంటుంది కదా, వెనక నిలబడితే మలుపు అందుకోవడం మందకొడిగా ఉంటుంది. ఇంకో మాట, వేగం లేకపోతే ఏ బోర్డూ తేలదు. చదునుగా ఉన్నచోట లోతు మంచులో భయంతో బ్రేక్ వేసినట్టు అడ్డం తిప్పకండి.

అయినా మునుగుతుంటే, రెండిటికీ ఒకే బోర్డ్ కావాలంటే, 157, 158లోనే డైరెక్షనల్ చూడండి. నోస్‌లో రాకర్, కాళ్ల కింద క్యాంబర్, కొద్దిపాటి టేపర్ ఉండాలి. సైడ్‌కట్ కూడా మీరు నిలబడే చోటు (స్టాన్స్)తోపాటు వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి గ్రూమ్డ్ రన్ మీద మీ ట్విన్‌కు దగ్గరగానే కార్వ్ చేస్తుంది. పోయేది స్విచ్ రైడింగ్. వెనక్కి తిరిగి నడిపితే సన్నటి టెయిలే నోస్ అవుతుంది, లోతు మంచులో వెంటనే గుచ్చుకుంటుంది. మీరు స్విచ్ ఎక్కువగా చేసేవారైతే ట్విన్‌ను ఉంచుకుని, పౌడర్ కోసం విడిగా ఒక పొట్టి వెడల్పు బోర్డ్ తీసుకోండి.